వీధిలో ఎవరూ తిరగని పేరు

చిక్కు ముక్కుతో కాదు, గడ్డంతో. ముక్కుకు ఏ పేరైనా అతుకుతుంది. పొడుగు ముక్కువాడికి పొడుగు పేరు, చట్టి ముక్కువాడికి పొట్టి పేరు పెడితే చాలని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు గానీ, మనిషిని వెనకనుంచి పిలిచినప్పుడు ముందు కదిలేది గడ్డమే. పేరు తగలాల్సింది అక్కడ. గొడుగులామె గడ్డానికి ఇన్నేళ్ళుగా ఏ పేరూ తగల్లేదు. ఇవాళ సాయంత్రంలోగా తగలకపోతే ఇక ఎప్పటికీ...

బస్సు గతుకులో పడింది. అక్షరాలమ్మ కమ్మీని గట్టిగా పట్టుకుంది. పొట్టి మనిషి కావడంతో ఆమె చెయ్యి కమ్మీకి వేలాడుతున్నట్టు ఉంటుంది. కుడిచేతి మధ్యవేలి పక్కన, కలం ఆనే చోట, చర్మం గట్టిపడి నల్లగా ఉంటుంది. ఆ నలుపు ఏ సబ్బుకూ పోదు. కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతూ బస్సు కుదిపినప్పుడల్లా గుండెకు తగులుతోంది.

పొద్దున గుమ్మం దగ్గర చెల్లెలు చేతులు జోడించింది. "అక్కా, నీకు పుణ్యముంటుంది, ఇవాళైనా ఆవిడకి ఏదో ఒక పేరు పెట్టేసి రా. నిద్దట్లో కూడా పేర్లు గొణుగుతున్నావు. నిన్న రాత్రి 'సుత్తి, సుత్తి' అన్నావు. నన్నే అంటున్నావనుకున్నాను."

గొడుగులామె రక్తమాంసాల మనిషి కాదు. పిల్లల వారపత్రికలో చివరి పేజీ బొమ్మల కథలో ఉంటుంది. ఇరుకు వీధిలో, ఒక మేడ మీది గదిలో కూర్చుని పాత గొడుగులు బాగుచేస్తుంది. ఎవరొచ్చి అడిగినా కిటికీలోంచి ఒళ్ళు సగం బయటికి వంచి, చెయ్యి నోటి పక్కన దొప్పలా పెట్టి, "రేపు రా!" అని అరుస్తుంది. కథ ఎడిటరు రాస్తాడు. బొమ్మలు గీతల మాస్టారు గీస్తారు. బొమ్మల్లోని మనుషుల తలల మీద తేలే బుడగల్లో మాటలు చేత్తో రాసేది తను. హాజరుపట్టీలో తప్ప ఆమె పేరు ఆఫీసులో ఎక్కడా వినిపించదు. అందరికీ అక్షరాలమ్మే.

పేర్లు పెట్టే పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. మొదట్లో ఎడిటర్లు పెట్టిన పేర్లు బుడగలో పట్టేవి కావు. అక్షరాలు ఇరికించి ఇరికించి విసిగిపోయి, "ఇంకాస్త పొట్టి పేరేదైనా పెట్టకూడదా?" అని ఒకసారి గట్టిగానే అంది. "అయితే నువ్వే పెట్టు" అన్నాడు అప్పటి ఎడిటరు, చిరాగ్గా. పెట్టింది. ఆ చిరాకే తరవాత ఆనవాయితీ అయింది.

బస్సు ఎక్కడో ఆగిపోయింది. ముందు కూడలిలో పోలీసు ఈల వేస్తూ నాలుగు దిక్కులకూ చేతులు ఊపుతున్నాడు. ఏ దిక్కూ కదలడం లేదు. ముందు సీట్లో ముసలాయన పక్కవాడితో విసుగ్గా అన్నాడు: "ఇక కదిలినట్టే. ఈలప్ప దొరికాడు మనకి."

పక్కవాడు నవ్వాడు. ఈలప్ప ఎవరని అడగలేదు.

అక్షరాలమ్మ తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది. ముఖంలో పొంగిన నవ్వును అక్కడ ఎవరూ చూడరు. ఈలప్ప ఆమె పెట్టిన పేరే. బొమ్మల కథలో మనిషికంటే ఈల పెద్దదిగా ఉండే పోలీసు. ఒక మధ్యాహ్నం గోరు కొరుక్కుంటూ కూర్చుంటే తట్టిన పేరు. ఇప్పుడు పత్రిక ముఖమైనా చూసి ఉండని ముసలాయన నోట్లో, తిట్టుగా, సొంత మాటలా తిరుగుతోంది. తను కుట్టిన చొక్కాను ముక్కూమొహం తెలియనివాడు తొడుక్కుని పోతుంటే దర్జీకి ఇలాగే ఉంటుందేమో అనుకుంది. ఆపి, "అది నేను కుట్టిందే" అని చెప్పబుద్ధవుతుంది. చెప్పకపోవడంలోనే ఎక్కువ రుచి.

*

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి గది. వీధి వైపు కిటికీ దగ్గర అక్షరాలమ్మ బల్ల. కిటికీ గడియ ఎప్పుడో విరిగితే దాన్ని పురికొసతో కట్టేశారు. అది అలాగే ఉండిపోయింది. ఆమెకు ముందు, ఆమెకు వీపు పెట్టి, గోడకు ఎదురుగా గీతల మాస్టారి బల్ల. ఆయన మంచం పట్టినప్పటి నుంచీ ఆ కుర్చీ ఖాళీ. ఉన్నప్పుడైనా అందులో మరెవరూ కూర్చునేవారు కాదు. ఒక కొత్త ఉద్యోగి తెలియక కూర్చుంటే, మాస్టారు వచ్చి ఏమీ అనకుండా నిలబడే బొమ్మ గీయడం మొదలుపెట్టారట. వాడు లేచి పారిపోయాడు.

ఆయన బల్ల మీద గుండ్రటి అద్దం ఒకటి ఇనుప కాలు మీద నిలబడి ఉంటుంది. బొమ్మలో ముఖానికి ఏ భావం కావాలంటే ఆ భావం ముందు తన ముఖంలో తెచ్చుకుని, అద్దంలో చూసి గీస్తారు. ఈలప్ప కోపంగా ఉన్న వారాల్లో గదిలో అందరూ ఆయన వెనక నిలబడి నవ్వాపుకొనేవారు. పళ్ళికిలించి, కళ్ళు ఉరిమి, బుగ్గలు పొంగించి, అంతలోనే మామూలైపోయి, పెన్సిలు చెక్కుకునేవారు.

పేరు పరీక్ష మాత్రం ఆమె కిటికీ దగ్గర జరుగుతుంది. అది ఆ ఆఫీసుకే ప్రత్యేకమైన పద్ధతి. దాని వెనక ఒక రభస ఉంది. చాలాకాలం కిందట కథలో ఒక దొంగ తూకాల కొట్టువాడికి ఎడిటరు ఏదో పేరు పెట్టాడు. అచ్చం ఆ పేరే ఉన్న కొట్టువాడు ఎదురు సందులోనే ఉన్నాడు. పత్రిక వచ్చిన రోజు తూకపు రాయి చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. అప్పటి నుంచీ ఏ కొత్త పేరు పెట్టినా ముందు దాన్ని కిటికీలోంచి వీధిలోకి పిలవాలి. ఎవరైనా తిరిగి చూశారా, ఆ పేరు పనికిరాదు, దానికి సొంతదారు ఉన్నాడు. ఎవరూ తిరగకపోతే అది కాగితం మనిషికి ఇవ్వొచ్చు. ఈ పద్ధతీ ఒకసారి దెబ్బతింది. "గుటకయ్యా!" అని పిలిస్తే ఎవరూ తిరగలేదు. మాట మాటకూ గుటకేసే మంగలి పాత్రకు ఆ పేరు పెట్టారు. తీరా చూస్తే ఆ నిమిషాన నిజం గుటకయ్య ఒకడు కిటికీ కిందే ఉన్నాడు. పాపం, చెవుడు. అయితే అతను కొట్లాటకు రాలేదు. పత్రికలు పదో పరకో కొనుక్కుని చుట్టాలందరికీ పంచాడు.

వీధి పరీక్ష తరవాత ఇంకొకటి ఉంది. అది అక్షరాలమ్మ సొంతం. ఎవరికీ చెప్పలేదు. వీధిలో తిరగని పేరును తీసుకొచ్చి, బల్ల మీది బొమ్మను చూస్తూ మెల్లగా మరోసారి పిలుస్తుంది. పేరు సరైనదైతే బొమ్మ గడ్డం కొద్దిగా ఇటు తిరిగినట్టు అనిపిస్తుంది. తిరగదని ఆమెకు తెలుసు. తెలిసినా, తిరిగినట్టు అనిపించేదాకా రాయదు.

గొడుగులామె ఒక్కదాని గడ్డమే తిరగలేదు.

కారణం ఆమెకు తెలుసు, లేదా తెలుసనుకునేది. గొడుగులామెను మొదటిసారి చూసిన రోజున, ఈలప్ప మేకను తరుముతున్న బొమ్మలో మూలగా, మేడ కిటికీలోంచి వంగి అరుస్తున్న ఆ గుండ్రటి ఆడమనిషిని చూసి ఆమె చేతిలో కలం ఆగిపోయింది. అది అమ్మ. అదే వంగడం, అదే దొప్ప చెయ్యి, అరిచేటప్పుడు బిగుసుకునే అదే గడ్డం. పొద్దుగూకే వేళ మేడ మీది కిటికీలోంచి సగం ఒళ్ళు బయటపెట్టి, వీధిలో ఆడుకుంటున్న తనను అమ్మ పిలిచేది. అమ్మ పిలిచే ముద్దుపేరు ఒకటి ఉండేది. ఆ పేరుతో మరెవరూ పిలవలేదు. చెల్లెలికి తను అక్క, చెల్లెలి పిల్లలకు పెద్దమ్మ, ఇక్కడ అక్షరాలమ్మ. అమ్మ పోయాక ఆ పేరు పలికే నోరు లేదు.

ఎవరిని చూసి గీశారని ఆనాడు మాస్టారిని అడిగితే, "మూల ఖాళీగా ఉందని గీశాను" అన్నారు. మా అమ్మను మీరెలా చూశారని అడగడానికి సిగ్గేసింది. ఆ తరవాత, ఆమె ఎవరని పిల్లలు అడగడం మొదలుపెట్టారు. మూలలో ఉన్న మనిషి పేజీ మధ్యకు వచ్చింది. పేరు మాత్రం రాలేదు. తల్లికి పేరు పెట్టడం ఎవరి తరం? ఏ పేరు పిలిచినా బొమ్మలోంచి అమ్మ, "నేను నిన్ను పిలవాలి గానీ నువ్వు నన్ను పిలవడమేమిటే" అన్నట్టు చూసేది.

ఎడిటరు వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు, గోళ్ళు శుభ్రంగా ఉంటాయి.

"అక్షరాలమ్మా, చివరి పేజీ మాస్టారు పూర్తి చేశారట. మీరే వెళ్ళి తెస్తారా? వేరేవాళ్ళొస్తే ఇవ్వనంటున్నారు."

"వెళ్తాను."

"సాయంత్రం అచ్చుకి పోవాలి. ఆ పేరే పుస్తకం అట్ట మీదికి కూడా. కథ మొత్తం పుస్తకంగా వేస్తూ గొడుగులామె అని వదిలేస్తే ఏం బావుంటుంది? మీకు తట్టకపోతే నా దగ్గర ఒకటుంది." కాస్త మొహమాటపడ్డాడు. "వానమ్మ."

అక్షరాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని అతన్ని చూసింది. "వాన పడ్డరోజు కొట్టు కట్టేసి దుప్పటి కప్పుకునే మనిషికి వానమ్మ అని పేరా నాయనా?"

"మీరు వేరే చెప్పండి, అదే పెడదాం. చెప్పకపోతే నేనేం చెయ్యను?"

అతని తప్పేమీ లేదు. అదే ఆమెను ఎక్కువ బాధించింది. ఈలప్పకూ గుటకయ్యకూ పిలిచి పిలిచి పేరు పెట్టిన తను, ఒక్క ఆడమనిషిని మాత్రం పరాయి పేరుతో లోకంలోకి పంపేయబోతోంది. పుస్తకం అట్ట మీద, పిల్లల చేతుల్లో, ఆ తరవాత వాళ్ళ పిల్లల చేతుల్లో, వానమ్మ!

*

మాస్టారి ఇంట్లో మంచం కిటికీ పక్కకు జరిపి ఉంది. దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. ఒడిలో పలక. ఒళ్ళు ఎముకల గూడులా అయింది గానీ చేతివేళ్ళు అవే, పెన్సిలు పట్టుకుంటే వణుకు ఆగిపోయే వేళ్ళు. మంచం నిండా పెన్సిలు చెక్కిన పొట్టు.

"రా, అక్షరాలూ. ఆలస్యం చేశావే. నువ్వు పేజీ తీసుకోకుండానే నేను పోతానేమోనని భయపడ్డాను."

"ఆ మాటలు మాట్లాడితే నేను పేజీ తీసుకోను మాస్టారూ."

"తీసుకోకపోతే నేనూ పోను. సరేనా?"

గుమ్మంలోంచి ఆయన భార్య అంది: "పొద్దున్నుంచీ ఇంతే. మందు మింగమంటే బుడగలో రాసివ్వు, మింగుతాను అంటున్నారు."

పేజీ అందుకుంది. చివరి గడిలో కింద వీధిలో ఒక పిల్ల నిలబడి ఉంది. ఆ పిల్ల తల మీది బుడగలో మాస్టారు పెన్సిలుతో రాశారు: "ఇన్నాళ్ళూ అడగనేలేదు, నీ పేరేంటి?" పైన కిటికీలోంచి గొడుగులామె వంగి, చెయ్యి నోటి పక్కన పెట్టి జవాబిస్తోంది. ఆమె బుడగ ఖాళీ. చిన్న బుడగ. మూడక్షరాలు దాటితే పట్టవు.

"ఇంత చిన్న బుడగ గీశారేంటండీ?"

"పొట్టి మనిషికి పొట్టి పేరు."

ఆమె నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అడగదలచుకున్నది ఇన్నేళ్ళుగా నాలుక చివరే ఉంది. "మాస్టారూ, నిజం చెప్పండి. ఈమెను ఎవరిని చూసి గీశారు? మా అమ్మను మీరు ఎక్కడైనా చూశారా?"

మాస్టారు ఆమె వైపు తిరిగారు. కంటి కొసల్లో ముడతలు ఒక్కొక్కటే లేచాయి. బొమ్మకు నవ్వు తెచ్చేముందు ఆయన ముఖంలో అలాగే లేచేవి.

"మీ అమ్మా!" అన్నారు. "నా కుర్చీలో ఎప్పుడైనా కూర్చున్నావా నువ్వు?"

"మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ప్రాణం మీద తీపి లేకపోతే."

"వెళ్ళి కూర్చో. నేనే చెప్పానను." కళ్ళు మూసుకున్నారు. "ముఖం నేనిచ్చాను. పేరు నువ్వివ్వు. ఇద్దరం ఎప్పుడూ చేసిన పనేగా. వేరేవాళ్ళని వేలు పెట్టనివ్వకు."

ఆమె లేచేసరికి ఆయనకు కునుకు పట్టింది. పలక జారిపోకుండా పక్కకు తీసి, దుప్పటి మీది పొట్టు దులిపి, చప్పుడు కాకుండా బయటికి వచ్చింది.

*

మధ్యాహ్నమంతా పేజీ రాసింది. ముందు సన్నగా పెన్సిలు గీతలు, ఆ గీతల మధ్య సిరా అక్షరాలు. అరుపులకు లావు కలం, గుసగుసలకు సన్నది. తక్కిన పేజీలన్నీ ఇప్పుడు కంప్యూటరు అక్షరాలే. ఈ పేజీ మాత్రం ఆమె చేతిదే. రాసినదాన్ని దూరంగా పెట్టి చూసుకుంది. తలకట్లు గుండ్రంగా, దీర్ఘాలు నిదానంగా, ఎక్కడా తొట్రుపాటు లేదు. బాగా వచ్చింది. బాగా వచ్చిందని తనకు తెలియడం ఆమెకు ఇష్టం. ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆఖరి బుడగ తెల్లగా ఉంది.

ఎడిటరు వచ్చి నిలబడ్డాడు. పేరు కోసమే వచ్చాడనుకుని, "ఇంకాస్త ఆగు నాయనా" అంది తలెత్తకుండా.

"అది కాదమ్మా. మాస్టారి ఇంటి నుంచి ఫోనొచ్చింది."

"పేజీ చేరిందా అనా? చేరిందని చెప్పలేకపోయావా?"

"మీరు వచ్చేశాక లేచి, భోంచేసి మళ్ళీ పడుకున్నారట. లేవలేదట."

అక్షరాలమ్మ కలానికి మూత పెట్టింది. సిరా సీసాకు మూత పెట్టింది. వీధిలో ఎవరో సైకిలు గంట అదే పనిగా కొడుతున్నారు. మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక ఎడిటరు బల్లను పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె లేచి మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళింది. కుర్చీ వెనక్కి లాగి, క్షణం ఆగి, కూర్చుంది. ఎత్తు కుర్చీ. ఆమె కాళ్ళు నేలకు అందలేదు. పెన్సిలు ముక్కలు, ఎండిపోయిన కుంచె, ఇనుప కాలు మీద అద్దం. అద్దంలో తన ముఖం చూడబోయింది.

ముఖం లేదు. అద్దాన్ని ఒక పక్కకు తిప్పి ఉంచారు. అందులో తన బల్ల ఉంది. తన ఖాళీ కుర్చీ, కుర్చీ వెనక కిటికీ, కిటికీ గడియకు కట్టిన పురికొస. ఆ పురికొస బొమ్మల్లోనూ ఉంది. గొడుగులామె కిటికీకి, ప్రతివారం. పేద ఇల్లని తెలియడానికి కల్పించి పెట్టారనుకునేది.

కూర్చునే, తల తిప్పకుండా అడిగింది. "పేరు పిలిచేటప్పుడు నేనెలా ఉంటాను?"

"ఎలా ఉండటమేంటమ్మా?" ఎడిటరుకు అర్థం కాలేదు. "గొడుగులామెలా ఉంటారు."

ఆమె తిరిగి చూసింది.

"మీకు తెలీదా?" అతని కళ్ళు పెద్దవయ్యాయి. "మా అందరికీ తెలుసు. నేను ఉద్యోగంలో చేరిన రోజే చెప్పారు. మీకు కోపమొస్తుందని ఎవరమూ మీ ముందు అనం, అంతే. ఆ వంగడం, ఆ చెయ్యి... మీరు కాక ఇంకెవరు?"

ఆమె చెయ్యి తనంతట తనే లేచి గడ్డాన్ని తడిమింది. మనిషి తన ముఖాన్ని ఎప్పుడూ ఎదురుగానే చూసుకుంటుంది, ఊరుకున్నప్పుడే చూసుకుంటుంది. ఎవరినైనా పిలుస్తున్నప్పుడు ఎలా ఉంటుందో చూసుకోదు. అమ్మ ముఖంగా తనకు గుర్తున్నది, వీధిలో నిలబడి తల పైకెత్తి చూసిన ముఖం. ఆ ముఖం తనకు తెలియకుండా ఎప్పుడొచ్చి తన మీద కూర్చుందో! ఇన్నేళ్ళూ కాగితం మీది మనుషులకు పేర్లు వెతుకుతూ ఈ కిటికీలోంచి అరుస్తుంటే, ఇటు వీపు పెట్టి కూర్చుని, ఈ అద్దంలో చూస్తూ వాళ్ళలో ఒకరిని తననుంచే చేశారు మాస్టారు. ఒక్కసారి కూడా తల తిప్పి చూడకుండా.

దుఃఖం వస్తుందనుకుంది. వచ్చింది కూడా. కానీ దాని కింద ఇంకొకటి లేచింది, వెన్ను నిటారు చేసేది. పిల్లలు ఎవరని అడిగింది తననే. మూలలోంచి పేజీ మధ్యకు వచ్చింది తనే.

తన బల్ల దగ్గరికి వచ్చి కిటికీకి కట్టిన పురికొస విప్పింది. సాయంకాలపు వీధి నిండుగా ఉంది. పండ్ల బండి, బడి వదిలిన పిల్లలు, గొడుగు చంకలో పెట్టుకుని పోతున్న మనిషి. ఒళ్ళు సగం బయటికి వంచింది. చెయ్యి నోటి పక్కన పెట్టింది. అమ్మ పిలిచే పేరు, నల్లగా, గుండ్రంగా, చిన్నగా ఉండి, కొరికితే నాలుక మండించే ఆ పేరు, గొంతు నిండా తెచ్చుకుని, పిలిచింది:

"మిరియం!"

వీధి వీధంతా తన దారిన తాను పోయింది. బండివాడు తిరగలేదు. పిల్లలు తిరగలేదు. గొడుగు మనిషి మలుపు దాటిపోయాడు.

"ఎవరి పేరమ్మా అది?" అన్నాడు ఎడిటరు వెనకనుంచి.

"ఎవరిదీ కాదు," అంది ఆమె, ఇంకా వంగే ఉండి. "చూశావుగా. ఎవరూ తిరగలేదు."

అని, ఎవరో తననే పిలిచినట్టు, గడ్డం ఎత్తి గదిలోకి తిరిగింది.

ఖాళీ కుర్చీ ముందు, ఎండిన కుంచె పక్కన, ఒక పక్కకు తిప్పి వదిలేసిన గుండ్రటి అద్దంలో కిటికీ వెలుతురు ఇంకా నిలిచి ఉంది.